ఇల్లు చూడవచ్చినవాళ్లు

"ఆంటీ, ఆ మిషన్ కూడ ఉండొద్దు" అంది వర్షిత, ముందు గది నడిమధ్య నిలబడి, ఫోను పైకెత్తి నాలుగు మూలలూ అందులోంచి చూసుకుంటూ.

అలీమాకు ఒళ్లు మండింది. తెల్లవారినప్పటి నుంచి ఈ పిల్ల వేలు ఎటు చూపిస్తే అటున్న సామాను బయటికి పోతూనే ఉంది. దండెం మీది బట్టలు పోయాయి, బియ్యం డబ్బా పోయింది, మంచాల కింది పెట్టెలు పోయాయి. ఆఖరికి వంటింటి గడప దగ్గరి నీళ్ల కుండను కూడా "పాతగ కనపడుతుంది" అని ఎత్తించేసి, దాని చోట ప్లాస్టిక్ పూల గుత్తి పెట్టింది. ఇప్పుడు కుట్టు మిషన్ వంతు వచ్చింది. ఇంత అన్నం పుట్టేది ఆ మిషన్ మీద. దాన్నీ దాచేస్తే ఇక ఈ ఇంట్లో మనుషులున్నారని ఎవరికి తెలుస్తుంది? తెలియకూడదనే ఈ తతంగమంతా.

"దీన్ని స్టేజింగ్ అంటరు ఆంటీ. కొనేటోళ్లు లోపలికి రాంగనే ఇది మా ఇల్లే అనుకోవాలె. వేరేవాళ్ల సామాను కండ్లల్ల పడితే ఆ ఫీలింగ్ రాదు" అంది వర్షిత.

వర్షిత ఇంటి యజమాని బస్వరాజ్ పటేల్ చిన్న కూతురు. హైదరాబాద్‌లో ఫ్లాట్లు అమ్మే ఆఫీసులో పని. అమ్మకానికి పెట్టిన ఇళ్లను పెళ్లికూతుళ్లలా ముస్తాబు చేయడమే ఆమె ఉద్యోగమట. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని, దానికి నెల నెలా జీతం కూడా ఇస్తారని అలీమాకు నిన్నటిదాకా తెలియదు. ఆంటీ అని పిలిచినప్పుడల్లా తనకింకా నలభై కూడా రాలేదని చెప్పాలనిపించేది. చెప్పలేదు. ఈ రోజు ఏ మాటా పడకుండా గడవాలి.

సంగతేమిటంటే, కోహీర్‌లో పటేల్ పొలానికి ఆనుకొని ఉన్న పొలం అమ్మకానికి వచ్చింది. అది వేరేవాళ్ల చేతికి పోతే ఆయనకు నిద్ర పట్టదు. అందుకని జహీరాబాద్‌లో ఉన్న ఈ ఇంటిని బేరం పెట్టాడు. ఇప్పటిదాకా చూడడానికి వచ్చినవాళ్లంతా తామే వచ్చి ఉండడానికి అడిగినవాళ్లు. వాళ్లు చూసి వెళ్లిన ప్రతిసారీ అలీమా మొగుడు ఇర్షాద్ రెండు రోజులు అన్నం సరిగా తినేవాడు కాదు. ఈ రోజు వస్తున్న మంజునాథ్ మాత్రం వేరు. బీదర్‌లో అల్లం వ్యాపారం. ఇటువైపు కంపెనీలు వస్తున్నాయని విని, ఒక ఇల్లు కొని పడేద్దామని చూస్తున్నాడు. ఉండడానికి కాదు. "కిరాయికున్నోళ్లు మంచోళ్లయితే నేనెందుకు కదిలిస్త, ఉండనియ్యి" అని ఫోన్లో పటేల్‌తో అన్నాడట. పటేల్ స్వయంగా వచ్చి ఆ మాట చెప్పిపోయాడు. కాకపోతే మంజునాథ్ మొగుడంపల్లి రోడ్డులో ఇంకో ఇల్లు కూడా చూడాలనుకుంటున్నాడు. ఏది నచ్చితే దానికి ఈ సాయంత్రమే మాట ఖాయం చేస్తాడు.

అంటే ఆ మనిషికి ఈ ఇల్లు నచ్చితే అలీమా ఇక్కడే ఉంటుంది. నచ్చకపోతే ఆ తరువాత వచ్చేవాడు ఎవడో, ఎప్పుడు మూట కట్టమంటాడో తెలియదు.

ఇల్లంటే నాలుగు గోడలే కదా, ఇంకోటి దొరకదా అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. చెప్పేవాళ్లకేం. ముందు గదిలో వీధివైపు పెద్ద కిటికీ ఉంది. ఆ వెలుతురులోనే అలీమా పదకొండేళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఝరాసంగం నుంచి, కోహీర్ నుంచి షేర్ ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు స్టేషన్ దగ్గర దిగి "కిటికింటి అలీమా" అని అడిగితే ఎవరైనా తోవ చూపిస్తారు. పెళ్లి జాకెట్టంటే ఆమె చేతిదే. వేరే గల్లీకి పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పైగా మొన్న ఊరికే అడిగి చూద్దామని రెండు మూడు చోట్ల ఖాళీ ఇళ్లు అడిగింది. అంతా బాగానే మాట్లాడారు. పేరు చెప్పాక మాత్రం ఒకరికి తమ్ముడు వస్తున్నాడని, ఇంకొకరికి ఇల్లు రిపేరు ఉందని గుర్తొచ్చింది.

అందుకే మిషన్ కూడా తీసింది. తానొక వైపు, ఇర్షాద్ ఒక వైపు పట్టుకొని ఎదురింటి సీతాబాయి వసారాలో పెట్టారు. ఇర్షాద్ ఆటో తీసుకొని ఝరాసంగం ట్రిప్పుకు వెళ్తూ గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, "నువ్వు తొందరపడి ఏం అనకు" అన్నాడు. అలీమా నోటి సంగతి అతనికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు.

ఇక గోడ మీది ఫ్రేము మిగిలింది. నల్లటి మఖ్మల్ మీద బంగారు అక్షరాలతో రాసిన ఖురాన్ ఆయత్. వర్షిత దాని వంక చూసింది, అలీమా వంక చూసింది, మళ్లీ ఫోను వంక చూసింది. పాపం, ఆ పిల్లకు అడగడానికి నోరు రాలేదు. 

"వాళ్లు లింగాయత్‌లు ఆంటీ. వాళ్లమ్మ గూడ వస్తున్నదట. పాత మనిషి. ఏమనుకుంటరో..." అని నసిగింది.

అలీమా కాళ్లు కడుక్కొని వచ్చి, స్టూలెక్కి, ఫ్రేము తీసి శుభ్రమైన దుపట్టాలో చుట్టి ఎదురింటికి తీసుకుపోయింది. సీతాబాయి ఆ మూట చూసి విషయం అర్థం చేసుకుంది. చేతులు కడుక్కొని అందుకుని, తన బీరువా మీద, అన్నిటికంటే ఎత్తులో పెట్టింది. అలీమా తిరిగి వచ్చేసరికి గుమ్మానికి మామిడాకుల తోరణం, గడపకు పసుపు కుంకుమ, వాకిట్లో కొత్త కుండీలో తులసి మొక్క ఉన్నాయి. అన్నీ వర్షిత కారు డిక్కీలోంచి దిగినవే. అలీమాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ మింగి, "ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

"అంతే ఆంటీ. మీరు ఎదురింట్లకు పొయ్యి కూసోన్రి. వాళ్లు పోయేదాక మాత్రం రాకున్రి."

సొంత ఇంటి నుంచి తరిమేసినట్లుంది. కానీ పోయింది.

*

కారు వచ్చి ఆగేసరికి ఎండ ముదిరింది. సీతాబాయి ఇంటి కిటికీ రెక్క కొంచెం తెరిచి అలీమా చూస్తూ కూర్చుంది. మంజునాథ్ బొద్దుగా, తెల్ల చొక్కాలో, చేతిలో తాళాల గుత్తితో దిగాడు. వెనక తల్లి అనంతమ్మ దిగింది. సన్నటి మనిషి, మెడలో లింగం కాయ, చేతికర్ర. కారు నుంచి గేటు దాకా రావడానికే రెండుసార్లు ఆగింది.

వాళ్లు లోపలికి వెళ్లారు. ఇక అలీమాకు కనబడేది తన ఇంటి తెరిచిన తలుపు, అందులోంచి కొంచెం గచ్చు. ఎప్పుడూ రంగు దారాలు, గుడ్డ ముక్కలు పడి ఉండే షాబాదు బండలు ఈ రోజు అద్దాల్లా మెరుస్తున్నాయి. మంజునాథ్ ఒకసారి కిటికీలో కనబడ్డాడు. గోడను వేళ్లతో కొట్టి చూశాడు. మొహంలో ఏమీ తెలియలేదు. వ్యాపారం చేసేవాళ్ల మొహంలో ఏం తెలుస్తుంది.

"కొడుతుండంటె పసంద్ అయినట్లేనా అక్కా?" అంది అలీమా.

"నేనేమన్న బేరగాడినా. నువ్వు కూసో, ఆ రెక్క ఊడొచ్చేటట్టు గుంజకు" అంది సీతాబాయి.

కూర్చోలేకపోయింది. లేచి ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగింది. వెనక గోడ చూస్తారా, బాత్రూం చూస్తారా, వర్షిత అన్నీ సరిగ్గా చెబుతుందా? ఆ పిల్ల ఈ ఇంట్లో ఒక్క వానాకాలం కూడా ఉండలేదు. ఆమెకేం తెలుసని చెబుతుంది?

కాసేపటికి మంజునాథ్, వర్షిత మిద్దె మీద కనబడ్డారు. వర్షిత చెయ్యి చాపి రైలు పట్టాల వైపు ఏదో చూపిస్తోంది. అనంతమ్మ ఒక్కతే బయటికి వచ్చింది. చుట్టూ చూసింది. కూర్చోవడానికి ఏమీ లేదు, కుర్చీలన్నీ సీతాబాయి ఇంట్లోనే ఉన్నాయి. కర్ర గోడకు ఆనించి మెల్లగా మెట్టు మీద కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్లీ లేచి, లోపలికి తొంగి చూసి, ఎవరినో పిలిచినట్లుంది. ఎవరూ పలకలేదు. మళ్లీ కూర్చుంది.

ఆమె నీళ్ల కోసం చూస్తోందని అలీమాకు అర్థమైంది. ఇంట్లో నీళ్లు లేవు. కుండ ఇక్కడ ఉంది, సీతాబాయి వసారాలో.

అలీమా లేచి కుండలో చెంబు ముంచింది.

"పోకు. ఆ పోరి చెప్పింది కద" అంది సీతాబాయి.

"నా గడపల కూసున్నది అక్కా. నీళ్లు సుత ఇయ్యకుంటే ఎట్ల?"

"నిన్ను చూసి వాళ్లు వద్దని పోతే?"

అలీమా చెంబు పట్టుకొని ఒక్క క్షణం నిలబడింది. సీతాబాయి అన్నది నిజమే. ఒక్క చెంబెడు నీళ్లతో మొత్తం పాడవ్వొచ్చు. కానీ తన వాకిట్లోకి వచ్చిన మనిషి నాలుక ఎండిపోయి కూర్చుంటే తాను కిటికీ సందులోంచి చూస్తూ ఉండడం ఆమె వల్ల కాలేదు. దుపట్టా తల మీదికి లాక్కుని, దారి దాటింది.

అనంతమ్మ చెంబు అందుకుని గటగటా తాగింది. తాగాక అలీమాను కింది నుంచి పైదాకా చూసింది.

"ఎవరి బిడ్డవు?"

"ఈ ఇంట్ల కిరాయికుండేది నేనేనమ్మా. అలీమా నా పేరు."

అనంతమ్మ తోరణం చూసింది. వాకిట్లో తులసి చూసింది. మళ్లీ అలీమాను చూసింది.

"మరి ఈ తులసమ్మ?"

అబద్ధమాడాలనే అనుకుంది అలీమా. నోరు వినలేదు. "పొద్దుగాల కారుల వచ్చిందమ్మా."

ముసలావిడ చెంబు పక్కన పెట్టి, పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ నవ్వు చూసి అలీమా తానూ నవ్వింది.

"ఆ పోరి నాకు గోడలు చూపించింది, ఇల్లు చూపియ్యలే. నాకైతే అదంత దవాఖాన లెక్క కనవడ్డది. నువ్వు చూపియ్యి" అని చెయ్యి చాపింది అనంతమ్మ.

అలీమా ఆ చెయ్యి పట్టుకొని లేపింది. మనసులో ఒకటే లెక్క వేసుకుంది. తల్లికి నచ్చితే కొడుక్కు నచ్చినట్లే. కొడుక్కు నచ్చితే ఇల్లు తనదే.

"ఈ మెట్టు చూడున్రి. మేం వచ్చినప్పుడు రెండే మెట్లు, మస్తు ఎత్తు. మా అత్తకు మోకాళ్ల నొప్పులుండె. మా ఆయన నడిమిట్ల ఇంకోటి కట్టిండు."

"అందుకేనా, ఎక్కంగ కాలు గుంజలే" అంది అనంతమ్మ.

"ఈ కిటికీ చిన్నగుండె. మొత్తం చీకటి. పటేల్‌ను అడిగి మేమే పెద్దగ చేయించుకున్నం. ఇప్పుడు పొద్దు గూకేదాక కరెంటు బుగ్గ వేసే పని లేదు."

అనంతమ్మ కిటికీ దగ్గర నిలబడి బయటికి చూసింది. ఏమీ అనలేదు. నచ్చలేదేమో అని అలీమాకు భయమేసింది. ఇంకా చెప్పాలి. వంటింట్లోకి తీసుకుపోయింది. పొగ నిలిచేదని పైన గోడకు కన్నం పెట్టించిన సంగతి చెప్పింది. అనంతమ్మ తలెత్తి చూసి, ఊ అంది. వెనక గదిలోకి తీసుకుపోయింది. వాన పడితే ఈ గోడ చెమ్మ పట్టేదని, రెండేళ్లు ఓపిక పట్టి, మూడో ఏడు ఇర్షాదే మిద్దె ఎక్కి నీళ్లు ఇటు రాకుండా సిమెంటుతో వాలు తీశాడని చెప్పింది. గోడ మీద అరచెయ్యి పెట్టి చూడమంది. ముసలావిడ చెయ్యి పెట్టి చూసింది. అప్పుడూ ఏమీ అనలేదు.

ఇంకేం చెప్పాలి? ఎండాకాలం మిద్దెకు సున్నం కొట్టి ఎలా చల్లబరుస్తారో చెప్పింది. బాత్రూంలో జారకుండా గరుకు బండ మార్పించిన సంగతి చెప్పింది. ఎదురింటి సీతాబాయి ఎలాంటిదో, రాత్రి జ్వరం వచ్చినా తలుపు కొడితే ఎలా లేస్తుందో చెప్పింది. కూతురు ఈ వెనక గదిలోనే పుట్టిందని, ఇప్పుడు సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నా సెలవుకు వస్తే ఈ గదిలోనే పడుకుంటుందని కూడా చెప్పింది. కొనేవాళ్లకు అది ఎందుకో ఆమెకే తెలియదు. నోటికి వచ్చిందల్లా చెబుతూ పోయింది. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఇలా నిలబడి ఆమె మాట వినలేదు.

అనంతమ్మ మంచం పట్టె మీద కూర్చుంది. గది నాలుగు పక్కలా చూసింది. "మనుషులు మంచిగ ఉన్న ఇల్లు తెలుస్తది" అంది చివరికి.

ఆ మాట వినగానే అలీమాకు ప్రాణం లేచొచ్చింది.

*

మంజునాథ్, వర్షిత మిద్దె దిగి వచ్చారు. అలీమాను ఇంట్లో చూసి వర్షిత మొహం మాడిపోయింది. కళ్లతోనే "ఎందుకొచ్చిన్రు" అని అడిగింది. అలీమా తల తిప్పేసుకుంది.

"ఏమంటవ్ అవ్వా? ఇల్లు మంచిగనే ఉన్నది. ఆ మొగుడంపల్లి తొవ్వలది సుత చూసొద్దామా?" అని తల్లిని అడిగాడు మంజునాథ్.

"ఏం వద్దు. ఇదే తీసుకో" అంది అనంతమ్మ.

అలీమా కళ్లు మూసుకుని అల్లాను తలచుకుంది. వర్షిత ఊపిరి బయటికి వినబడింది. అంతా అయిపోయింది. ఈ రాత్రి ఇర్షాద్ కడుపునిండా తింటాడు.

"తీసుకొని కిరాయికి ఇయ్యకు. నేనుంట" అంది అనంతమ్మ.

మంజునాథ్ అయోమయంగా నవ్వాడు.

"గదేంది అవ్వా. బీదర్‌ల మన ఇల్లుండంగ..."

"అదేం ఇల్లు. కింద గోదాము, మీద మనం. ఆ మెట్లు దిగలేక నేను బజారు చూసి ఎన్ని దినాలాయె. అల్లం వాసన తప్ప ఇంకోటి ఎరుగ. ఈడ మెట్టు నా కాలుకు సరిపోయింది. వెలుతురున్నది. పొగ లేదు, చెమ్మ లేదు. ఎదురింట్ల మంచి మనిషున్నదట. వారానికొక్కసారి నువ్వొచ్చిపో. నేనీడ్నే ఉంట."

"పటేల్‌కు మాటిచ్చిన కద, వీళ్లను కదిలియ్యనని."

"ఇల్లు చూడకముందు ఇచ్చినవ్. నేను చూసి అంటున్న."

అలీమా చెయ్యి చాపి తలుపు రెక్క పట్టుకుంది. తాను చెప్పిన మాటలే, వరసగా, ఒక్కటీ వదలకుండా ముసలావిడ నోటి నుంచి వస్తున్నాయి. వర్షిత ఎంత సింగారించినా ఈమె కదిలేది కాదు. గోడలు చూసి, బాగున్నాయని చెప్పి, బీదర్ పోయి ఉండేది. కొడుకు కొని ఇల్లు వీళ్లకే కిరాయికి వదిలేసి ఉండేవాడు. ఇల్లు చూపించింది అలీమా. నచ్చేలా చేసింది అలీమా. ఒక్క చెంబు నీళ్లిచ్చి ఊరుకొని ఉంటే సరిపోయేది.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. ఇర్షాద్ గేటు తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడ్డాడు. భార్య మొహం చూడగానే అతని చేతిలోని తువ్వాలు కిందికి జారింది.

అనంతమ్మ కూడా ఆ మొహం చూసింది. చెడ్డ మనిషి కాదు ఆమె. అలీమా చెయ్యి పట్టుకొని దగ్గరికి లాక్కుంది.

"నాకు తెలుసు బిడ్డా. మీకు కష్టం. అందుకే నిన్నే అడుగుతున్న. ఇన్నేండ్లు ఉన్నవ్, నీకు తెల్వనిది లేదు. ఈ ఇంట్ల ఏమన్న లోపముంటె చెప్పు. ఉన్నదంటె ఆ ఇంకో ఇల్లు చూసుకుంటం, ఈ దిక్కు రాం. నీ మాట మీద తీసుకుంట, నీ మాట మీద విడిచిపెడుత."

వర్షిత వద్దన్నట్లు తల ఊపింది. ఇర్షాద్ కళ్లు అలీమా మీదే ఉన్నాయి. చెప్పేయ్ అంటున్నాయి ఆ కళ్లు. ఏదో ఒకటి చెప్పేయ్.

అలీమా వెతికింది. నిజంగా వెతికింది. చెమ్మ గోడ వైపు చూసింది. అది ఆరిపోయి ఏళ్లయింది. వంటింటి వైపు చూసింది. పొగ లేదు. మెట్టు, కిటికీ, బాత్రూం బండ, మిద్దె, ఒక్కొక్కటీ మనసులో తిరిగి వచ్చింది. ఈ ఇంటికి ఉన్న ప్రతి లోపం ఆమెకు తెలుసు, ప్రతి ఒక్కటీ ఎప్పుడు పోయిందో కూడా తెలుసు. పండక్కు కొత్త బట్టలు మానుకొని ఒకటి, ఇర్షాద్ ఆదివారాలు పోగొట్టుకొని ఒకటి. కిరాయి ఇంటికి ఎవరైనా ఇంత చేస్తారా అని చుట్టాలు నవ్వినప్పుడు, ఉన్నన్ని దినాలు మాది కాదా అని తానే వాదించింది. ఇక మిగిలింది అబద్ధం. వానకు ఇల్లు కురుస్తుందనొచ్చు. బోరు ఎండిపోతుందనొచ్చు. ఎవరొచ్చి చూస్తారు? కానీ అది ఇర్షాద్ చేతిపనిని పదిమందిలో నిలబెట్టి వంకర అనడమే. తాను కుట్టిన జాకెట్టును ఇంకొకరు వంకర అంటేనే మూడు రోజులు మనసు బాగుండదు ఆమెకు. తానే ఎలా అంటుంది?

"ఏం లేదమ్మా. ఉన్నయన్ని మేమే బాగు చేసుకున్నం" అంది.

ఇర్షాద్ వంగి తువ్వాలు తీసుకున్నాడు. దులిపి భుజం మీద వేసుకున్నాడు. అనంతమ్మ అలీమా చెయ్యి వదల్లేదు.

చివరికి మంజునాథే, నేల చూపులు చూస్తూ, "ఎప్పటికి వీలయితదమ్మా మీకు?" అని అడిగాడు.

"అందరి పెండ్లి జాకెట్లు నా కాడ్నే ఉన్నయి" అంది అలీమా. "పెండ్లిళ్లు ఒడవనియ్యున్రి. ఒడిసినంక పోతం."